పరిగెత్తుకొచ్చేవాళ్ళ కోసం

కోడలు ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "అత్తయ్యా, ఇకమీదట డ్రిల్లు ఈల వినబడితే మీరు పరిగెత్తకండి. ఏమైనా సరే పరిగెత్తకండి" అంది. ఎందుకే అని నేనడిగేలోపే వీధిలో ఆఫీసు కారు ఆగింది. మా చంటి దిగాడు. అది నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పోయినవారం మీకు ఈ కథ చెబుతూ అక్కడే కదా, గుండె గొంతులో పెట్టుకుని ఆగిపోయాను.

అది ఇంకా గొంతులోంచి దిగలేదు.

చంటి అంటే ఉయ్యాల్లో పిల్లాడనుకునేరు. నా పెద్దకొడుకు. నడినెత్తిన జుట్టు పలచబడ్డా వాడు నాకు చంటే. బాంబులు చేసే ఆఫీసులో సైంటిస్టు. కోడలు సైనికుల ఆసుపత్రిలో నర్సు. చిన్నోడు సరిహద్దులో ఉన్నాడు. వాడికి తుపాకి ఇవ్వలేదు, దెబ్బలు తగిలినవాళ్ళని స్ట్రెచర్ మీద మోసుకొచ్చే పని ఇచ్చారు. ఆ కబురు విన్న రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను. మళ్ళీ అలా తిన్నది లేదు. పోస్టుమనిషి సైకిల్ గంట కొడితే నాకు చెమటలు, కొట్టకపోతే ఇంకా చెమటలు.

ఇక డ్రిల్లులు. నిజంగా విమానాలొస్తే సైరన్ మోగుతుంది, డ్రిల్లుకైతే ఈల. ఈల వెయ్యగానే ఆఫీసు మనుషులు కొందరు మా వీధిలో రోడ్డుమీద అడ్డదిడ్డంగా పడిపోయి మూలుగుతారు. మేం నీళ్ళూ గుడ్డలూ మడతమంచాలూ పట్టుకుని ఇళ్ళలోంచి ఉరికి వాళ్ళని లేపాలి. దాన్ని మా వీధికి తెచ్చింది చంటే. "రేపు నిజంగా ఏదైనా పడితే మన వీధివాళ్ళు బతకాలి కదమ్మా" అన్నాడు. ఎంత మంచి మాట! ఊళ్ళో అందరికంటే చురుకైన వీధి మాదేనని ఇంటికొక ఉన్ని దుప్పటి బహుమతి ఇచ్చారు. నా కొడుకు వల్ల వచ్చిన దుప్పటి అని చలి లేకపోయినా కప్పుకునేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం చంటి స్నానానికి వెళ్ళాడు. వాడి స్నానం ఓ పట్టాన తెమలదు, బకెట్లు బకెట్లు కావాలి. కోడలు నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి అంట్లగిన్నెల దగ్గర కూర్చోబెట్టింది. తను గిన్నె తోముతూనే ఉంది, మాట బయటికి పోకుండా.

"నన్ను ఖైదీల వార్డులో వేశారత్తయ్యా. సరిహద్దు అవతల మనవాళ్ళు పట్టుకున్న ఊళ్ళోవాళ్ళు. వాళ్ళలో సిపాయిలు తక్కువ. ఒకడు రొట్టెలు కాల్చేవాడు. ఒకావిడ బడి పంతులమ్మ. ఒకాయన ముసలాయన, ఏ పనీ లేదుట, అరుగుమీద కూర్చునేవాడుట."

"అయ్యో పాపం. అంటురోగమేమన్నా ఉందా వాళ్ళకి? చేతులు కడుక్కుంటున్నావా?"

"రోగం కాదు. దెబ్బలు. అందరికీ ముందువైపే తగిలాయి. మొహం, ఛాతీ, అరచేతులు. వీపుమీద గీత కూడా లేదు." గిన్నె తోమడం ఆపింది. "బాంబు పడితే మనిషి పారిపోతాడు కదా? అప్పుడు వీపుకి కదా తగలాలి? వీళ్ళంతా దానివైపే ఒంగి ఉన్నారు."

"ఎందుకొంగారే?"

"కింద పడ్డవాళ్ళని లేపడానికి."

నాకు తట్టలేదు. 

"మనవాళ్ళు రెండు బాంబులు వేస్తారత్తయ్యా. మొదటిది పేలుతుంది. రెండోది పక్కనే ఊరికే పడి ఉంటుంది, పేలనట్టు. కాసేపు ఏమీ జరగదు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పరిగెత్తుకొస్తారు, రాళ్ళు తీస్తారు, నీళ్ళు పోస్తారు. అందరూ చేరాక అప్పుడు పేలుతుంది రెండోది." గొంతు తగ్గించింది. "ఆ కాసేపు ఎంతసేపు ఉండాలో ఎవరో ఒకళ్ళు లెక్క కట్టాలి కదా?"

నేను చదివింది ఏడో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. ఈ లెక్క మాత్రం ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది. ప్రతి డ్రిల్లుకీ మా ఎదురింటి గోడ నీడలో గుప్పిట బిగించి నిలబడే చంటి కళ్ళముందు కనిపించాడు. వాడు రోడ్డుమీద పడ్డవాళ్ళవంక ఎప్పుడూ చూసేవాడు కాదు. మావంక చూసేవాడు.

చెయ్యి అంట్లనీళ్ళలో ఉండగానే వాంతి చేసుకున్నాను.

*

చంటి కంచం ముందు కూర్చునే ముందు మళ్ళీ చేతులు కడుక్కున్నాడు. సబ్బు రాసి, వేళ్ళ సందులు కూడా ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. చిన్నప్పుడు నేను నేర్పిన శుభ్రమే. ఆ రోజు ఆ శుభ్రం చూస్తుంటే ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది.

"చంటీ, మన వీధికి డ్రిల్లులెందుకురా?"

వాడు నావంక కాదు, భార్యవంక చూశాడు. "చెప్పావా?"

"చెప్పాను."

"వార్డు సంగతులు బయట మాట్లాడనని సంతకం పెట్టావు."

"మీ అమ్మ బయటిమనిషా?"

వాడు కూర కలుపుకున్నాడు. తొణకలేదు. తప్పు చేసి దొరికినవాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఈ చేతుల్తో పెంచాను. ఆ మొహం కాదు అది. పాఠం చెప్పబోయే మేష్టారి మొహం.

"అమ్మా, నేను బాంబు వెయ్యను. ఎవరిమీద వెయ్యాలో నేను చెప్పను. అదంతా పైవాళ్ళ పని. నన్నడిగింది ఒక్కటే. ఒకచోట దెబ్బ తగిలితే జనం ఎంతసేపటికి చేరతారు? దానికి జవాబు కట్టాను. మేం దాన్ని చేరిక అంటాం."

"ఏమంటారు?"

"చేరిక."

ఎంత ముద్దుగా ఉందో పేరు. పెళ్ళికి బంధువులు వచ్చినట్టు.

"ఆ చేరికలో నేనున్నానా?"

"నువ్వే మొదటి వరస" అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "నీ మోకాళ్ళ నొప్పి కూడా లెక్కలోకి తీసుకున్నాం. అక్కడా పెద్దవాళ్ళుంటారు కదా."

కోడలు నీళ్ళచెంబు ఠంగున కింద పెట్టింది. నేను నా మోకాళ్ళవంక చూసుకున్నాను. సాయంత్రాలు వాడు నూనె రాస్తూ "ఇక్కడ నొప్పా? పరిగెత్తేటప్పుడా, ఆగాకా?" అని అడిగేవాడు. ఎంత ప్రేమో అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ నూనె జిడ్డు ఎన్ని నీళ్ళు పోసినా పోనట్టు అనిపించి చీర కొంగుతో తుడుచుకున్నాను.

"మనుషులేనట్రా మీరు? సాయం చెయ్యడానికొచ్చేవాళ్ళని ఏరుకుని చంపుతారా?"

"వాళ్ళు మన మిల్లుమీద బాంబు వెయ్యలేదా? షిఫ్టు మారే వేళ చూసి వెయ్యలేదా? అప్పుడు నువ్వే కదమ్మా, వాళ్ళ చేతులు పడిపోనూ అని తిట్టావు?"

"తిట్టాను. చేతులు పడిపోవాలని తిట్టాను. వాళ్ళకి నీళ్ళిచ్చేవాళ్ళ చేతులు కాదు."

"యుద్ధంలో అన్ని తేడాలు ఉండవమ్మా." ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు మెల్లగా అన్నాడు. "తమ్ముడు తొందరగా ఇంటికి రావాలా, వద్దా? అది చెప్పు."

 అబద్ధమెందుకు, రావాలి. ఎవరేమైపోయినా నా చిన్నోడు కాళ్ళూ చేతులూ ఉన్నవాడు ఉన్నట్టు ఇంటికి రావాలి. వాడికది తెలుసు. ఎక్కడ నొక్కితే నేను మెత్తబడతానో దానికీ ఒక లెక్క కట్టినట్టున్నాడు.

కోడలే అందుకుంది. "మీ తమ్ముడు చేసే పనేంటండీ?"

చంటి కూరగిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"పడ్డవాళ్ళని లేపడమేగా? రేపు అవతలివాళ్ళూ మీలాంటి సైంటిస్టునొకణ్ణి కూర్చోబెట్టి ఇదే చేయిస్తే, అక్కడ మొదటి వరస ఎవరు?"

"వాళ్ళ దగ్గర ఇది లేదు."

"ఇప్పటికి."

వాడు నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అమ్మయ్య, నా కొడుకు లోపల ఎక్కడో ఉన్నాడు అనుకున్నాను. కొడుకు చెయ్యి ఆగిందని ఆనందపడ్డ తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఎక్కువసేపు లేదు ఆనందం.

"అసలు ఇబ్బంది అది కాదు" అన్నాడు. "అక్కడి జనం తెలివి మీరారు. మొదటిది పేలాక ఇదివరకట్లా వెంటనే రావట్లేదు. ఇళ్ళలోనే దాక్కుని ఆగుతున్నారు. జాగ్రత్తపడ్డవాళ్ళు కూడా ఏం వింటే ఆగలేరు అన్నది ఇప్పుడు చూడాలి. రేపు పొద్దున ఒక్క డ్రిల్లు పెడతాం. ముందుగా వీధికి చెప్పం. మైకులో పసిపిల్లాడి ఏడుపు టేపు వేస్తాం. అదే ఆఖరు. ఆ అంకె పంపించేస్తే ఫ్యాక్టరీవాళ్ళు పని మొదలుపెడతారు, నా పనైపోతుంది."

"అంటే దాక్కున్నవాళ్ళని ఏడుపు వినిపించి బయటికి రప్పించి..."

కోడలు మాట పూర్తి చెయ్యలేదు. లేచి గోడవైపు తిరిగింది.

చంటి నావైపు జరిగాడు. గొంతులో బతిమాలడం. "నువ్వు కదలకపోతే వీధిలో ఎవరూ కదలరమ్మా. ఈ ఒక్కసారికి మామూలుగా రా. ఇంకెప్పుడూ అడగను."

తల్లిని అడిగే కోరికా అది? చొక్కాకి గుండీ కుట్టమన్నట్టే అడిగాడు.

"ఇంకొక్క మాట. ఈ సంగతి గుమ్మం దాటిందా, ముందు నన్ను తీసుకెళ్తారు. తర్వాత దీన్ని, నిన్ను. తీసుకెళ్ళినవాళ్ళు ఏమయ్యారో మా ఆఫీసులో ఎవరూ అడగరు. ఉరి అని కూడా చెప్పరు."

నేను మాట్లాడలేదు. వాడు దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. కంచంలో మెతుకు మిగల్చకుండా తిని, మళ్ళీ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

నేను లోపలికెళ్ళి ఆ దుప్పటి తీశాను. వేళ్ళతో ముట్టుకోవడానికి మనసొప్పక రెండు చీపురుపుల్లలతో ఎత్తి పెరటి గోడమీద పడేశాను. కాకి కూడా దానిమీద వాలలేదు, లేకపోతే నాకలా అనిపించిందేమో.

*

సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను. చంటి ప్రాణం నా నాలుక మీద ఉంది, ఒక్క మాట జారితే సరి. అందుకని అందరికీ ఒకటే చెప్పాను. "రేపు ఈల వేస్తారు. పిల్లాడి ఏడుపు వినబడినా సరే, ఎవరూ బయటికి రాకండి. ఎందుకని అడక్కండి. సైరన్ అయితే మాత్రం మామూలే, అందరం పరిగెత్తాలి. ఈలకి వద్దు."

దర్జీ అన్నయ్య మిషన్ తొక్కడం ఆపి కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఏం చెల్లెమ్మా, ఈసారి మొదటి బహుమతి నేను కొట్టేస్తానని భయమా?"

"నీకు దండం పెడతా అన్నయ్యా, పరాచికాలొద్దు."

"మీవాడితో గొడవపడ్డావా?"

"పడ్డాననుకో."

"అలాగైతే సరే. నాకూ మోకాళ్ళున్నాయి." అంతే అడిగాడు మహానుభావుడు.

పాలు పోసే పిన్నిగారు అలా వదల్లేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "పిల్లాడు ఏడ్చినా రావద్దంటావేంటే? నువ్వు తల్లివేనా?"

"అది టేపు పిన్నిగారూ. ఊరికే మైకులో వేస్తారు."

"టేపైతే మాత్రం? ఎవరో ఒక పిల్లాడు ఏడిస్తేనే కదా టేపు వచ్చింది? వాణ్ణి ఎవరు ఏడిపించారు?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. అన్నీ చెడ్డవే తోస్తాయని ఇంటిల్లిపాదీ నన్ను దెప్పుతారు, అంత చెడ్డది నాకూ తోచలేదు. ఏ గదిలోనో, ఏ పిల్లాణ్ణో, ఎవరో గిల్లి, మైకు దగ్గర పెట్టి... ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఏం కనిపించిందో నా మొహంలో, "సర్లే, రాను. వెళ్ళు, పడిపోయేలా ఉన్నావు" అంది.

*

సోమవారం పొద్దున వాన తుంపర పడి వెలిసింది. రోడ్డు తడిగా ఉంది. ఆఫీసు కారు వీధి మలుపులో ఆగింది. అందులో ఇద్దరు పెద్ద ఆఫీసర్లు, అద్దాలు దించలేదు. చంటి ఎప్పటిలా ఎదురింటి గోడవారన నిలబడ్డాడు.

ఈల వేశారు.

రోడ్డుమీద మనుషులు పడిపోయారు, మూలిగారు. నేను గడప లోపల తలుపు అంచు పట్టుకుని నిలబడ్డాను. కోడలు నా వెనక. వీధిలో ఒక్క తలుపు తెరుచుకోలేదు.

మూలుగులు ఇంకా పెరిగాయి. ఒకడు "నీళ్ళు, నీళ్ళు" అని అరిచాడు. తలుపులు కదల్లేదు. అరిచినవాడే తల ఎత్తి అటూ ఇటూ చూసి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ పడుకున్నాడు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

అప్పుడు మైకు గరగరమంది. పసిపిల్లాడి ఏడుపు.

అది ఆకలి ఏడుపు కాదు. పిల్లల్ని కన్నవాళ్ళకి తెలుస్తుంది ఆ తేడా. ఊపిరి అందక ఆగి, మళ్ళీ లేచే ఏడుపు. నా కాలివేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. పక్కింటి కిటికీలో పిన్నిగారి వేళ్ళు ఊచల్ని పట్టుకుని తెల్లబడ్డాయి. దర్జీ ఇంట్లోంచి వాళ్ళావిడ వెక్కిళ్ళు నాకు వినపడుతున్నాయి. అయినా ఎవరూ రాలేదు. నా మాటకి వీధి వీధంతా పళ్ళు బిగించి నిలబడింది.

టేపు అయిపోయింది. మళ్ళీ వేశారు. మళ్ళీ అయిపోయింది.

కారు అద్దం కొంచెం దిగింది. లోపలివాళ్ళు చంటిని ఏదో అడిగారు. వాడు ఒక్కసారి నా గుమ్మంవైపు చూశాడు. నాకూ వాడికీ మధ్య తడిరోడ్డు తప్ప ఏం లేదు. చంటీ, వెళ్ళిపోరా, లెక్క కుదరలేదని చెప్పెయ్యి, ఉద్యోగం పోతే పోయింది, గంజి తాగి బతుకుదాం అని కళ్ళతోనే చెప్పాను. తల అడ్డంగా ఊపాను.

వాడు కారువైపు రెండడుగులు వేశాడు. కాలు జారింది. జారిందో, జార్చాడో. వెల్లకిలా పడ్డాడు. తల రోడ్డుకి తగిలిన చప్పుడు నాకు వినిపించింది.

"అమ్మా!" అన్నాడు.

నా వెనక కోడలు "అత్తయ్యా, వద్దు" అంటూ కొంగు పట్టుకుంది. కొంగు దాని చేతిలోంచి జారిపోయింది. నేను రోడ్డుమీదున్నాను. నిజమా, నటనా అని ఆలోచించుకుని పరిగెత్తే తల్లి ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి. నేను పరిగెత్తడం చూసి దర్జీ అన్నయ్య మంచం పట్టుకుని ఉరికాడు, పిన్నిగారు నీళ్ళచెంబుతో ఉరికింది, ఇటు నాలుగిళ్ళవాళ్ళూ అటు నాలుగిళ్ళవాళ్ళూ ఉరికారు. వాడి తల ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమాను. చెమ్మ తగిలింది. చూసుకుంటే ఎర్రగా లేదు. వాన నీళ్ళు.

చంటి కళ్ళు తెరిచాడు. నా మొహంవంక కాదు, తన గుప్పిటవంక చూశాడు.

గుండ్రటి చిన్న గడియారం. ముల్లు ఇంకా తిరుగుతోంది. ఆఖరి మనిషి కూడా చేరేదాకా ఆపకూడదు కాబోలు.

వాడి తలని ఒళ్ళోంచి అలా రోడ్డుమీదకి జార్చేశాను. పురుగు పట్టిన పండు చేతిలోంచి పారేసినట్టు. ముప్ఫై ఏళ్ళు మోసిన తల అది. గడియారం వాడి వేళ్ళలోంచి లాక్కున్నాను. వాడు లేచి కూర్చుని నా మణికట్టు పట్టుకున్నాడు. మలుపులో కారు తలుపులు రెండూ తెరుచుకున్నాయి.

చుట్టూ మా వీధి నిలబడి ఉంది. మంచాలతో, గుడ్డలతో, వగరుస్తూ.

"దెబ్బ తగల్లేదా వీడికి?" అన్నాడు దర్జీ అన్నయ్య, మంచం కింద పెట్టి. నా చేతిలోకి చూశాడు. "ఏంటి చెల్లెమ్మా అది? దేనికి కొలుస్తున్నాడు మనల్ని?"

"అమ్మా, చెప్పకు" అన్నాడు చంటి, నాకు మాత్రమే వినపడేలా. "చెబితే నేనుండను."

బూట్ల చప్పుడు దగ్గరికొస్తోంది. పిన్నిగారు చెంబులో నీళ్ళు వాడికిద్దామా వద్దా అన్నట్టు పట్టుకుని నావంకే చూస్తోంది. అందరూ నావంకే చూస్తున్నారు.

నేను నోరు తెరిచాను.